సంతకం పెట్టే ముందు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఒక పల్లెటూరి నాయనమ్మగారిది. ఆమె కుమారుడు చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్నాడు. మనుమడు అక్కడే పుట్టాడు. పదకొండవ తరగతి, వయస్సు 17. చదువుతూనే సైన్యపు రిజర్వులో చేరతానని పట్టుబట్టాడట. తల్లి ఏడుస్తోంది, తండ్రి ఎటూ తేల్చడం లేదు. "మన ఎన్.సి.సి. లాంటిదే గదా, చేరితే ఏం పోయింది?" అని ఆమె అడిగారు.

అలాంటిది కాదమ్మా. ఎన్.సి.సి. కుర్రవాడు ఖాకీ వేసుకుంటాడు, పరేడు చేస్తాడు, సర్టిఫికెట్టు తెచ్చుకుంటాడు. తరువాత సైన్యంలో చేరి తీరాలన్న నిబంధన లేదు. (మా రోజుల్లో పరేడు తరువాత పెట్టే టిఫిను కోసమే సగంమంది చేరేవాళ్లం.) రిజర్వులో చేరినవాడు మాత్రం సైనికుడే. మిగతా రోజుల్లో కాలేజీకి వెళ్లినా, ఉద్యోగం చేసుకున్నా, పిలుపు వస్తే వెళ్లాలి. 2001 తరువాత ఆఫ్ఘనిస్తాన్‌కు, 2003 తరువాత ఇరాక్‌కు రిజర్వు వారిని పెద్ద సంఖ్యలో పంపారు.

అక్కడ 18 నిండినవాడు తన సంతకం తానే పెట్టుకోవచ్చు. 17 ఏళ్లవాడికైతే తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన సమ్మతి కావాలి. చదువు మానక్కరలేదు. పదకొండు ముగిశాక వేసవిలో సుమారు 10 వారాలు ప్రాథమిక శిక్షణ ఇస్తారు. తిరిగి వచ్చి పన్నెండు చదువుతూ నెలకు ఒకసారి శని, ఆదివారాలు యూనిట్‌కు వెళ్లాలి. అంటే నెలలో ఒక ఆదివారం గుడికి రాలేడు. హైస్కూలు అయిపోయాక, అతనికిచ్చిన పనిని నేర్పే రెండవ శిక్షణ. 18 నిండనివారు యుద్ధంలో నేరుగా పాల్గొనకుండా చూస్తామని 2000లో చేసిన అంతర్జాతీయ ఒప్పందాన్ని అమెరికా 2002లో ఆమోదించింది గనుక వెంటనే యుద్ధానికి పంపుతారన్న భయం వద్దు. అయితే ఒప్పందం మొత్తం 8 సంవత్సరాలు. సాధారణంగా ఆరేళ్లు యూనిట్‌లో, మిగిలిన రెండేళ్లు పిలుపుకు అందుబాటులో ఉండే జాబితాలో. పదిహేడేళ్లవాడు ఇరవై అయిదేళ్ల వరకు మాట ఇస్తున్నాడన్నమాట!

సైనికుడు కావడం తప్పని నేననను. కొర్నేలీ శతాధిపతే గదా. ఆరేళ్లకు ఒప్పుకున్నవారికి కాలేజీ చదువుకు నెలనెలా సహాయం కూడా ఉంది, అక్కడి ఫీజులు చూస్తే అది చిన్న మాట కాదు. నన్ను కలవరపెట్టేది ఒక్కటే. చేర్చుకునే ఉద్యోగి నోటితో చెప్పేది వేరు, కాగితంలో ఉండేది వేరు కావచ్చు. ఇందులో వ్రాసినవి తప్ప ఎవరు ఏ వాగ్దానం చేసినా చెల్లదని ఆ ఒప్పందపత్రంలోనే ఉంటుంది.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని ఆ కాగితాలు మొదటినుండి చివరివరకు చదవమనండి. ఏ పని ఇస్తారు? యూనిట్ ఎక్కడ? చదువుకు డబ్బు ఎంత, ఎప్పటినుండి? ఇవన్నీ కాగితంలో ఉన్నాయా? కోడలిని కూడా దగ్గర కూర్చోమనండి. కోపంతో ఈ రోజు కాదంటే, పద్దెనిమిదో పుట్టినరోజు తరువాత ఆ పిల్లవాడికి వీళ్ల సంతకంతో పని లేదు, అడగడు కూడా.

ఏమి నిశ్చయించుకున్నారో తెలియజేయండి. మనుమడి పేరు వ్రాయడం మరచిపోయారు. ఈసారి వ్రాయండి, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాము.