అవ్వను యాది చేసుకునుడంటే దండ వేసుడేనా?

మన పల్లెల్లో కన్నతల్లిని అవ్వ అంటరు. తల పండిన ముసలామెను కూడా అవ్వ అనే పిలుస్తరు. చిట్యాల ఐలమ్మ రెండు తీర్లా అవ్వే. కానీ సెప్టెంబర్ 10న వర్ధంతి, 26న జయంతి వచ్చినప్పుడు మనం వీరనారికి దండ వేస్తున్నం. అవ్వను మరిచిపోతున్నం.

కథ అందరికీ తెలిసిందే. పాలకుర్తిల చాకలి కులం బతుకు. దొరల కాలంల వెట్టి చాకిరి. ఇంటిల్లిపాది కడుపు నింపేటందుకు మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు పట్టింది. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అది కంటగింపైంది. బట్టలు ఉతికేటామె సేద్యం చేసుడేందని ఆయన అహంకారం. పంట కోసుకరమ్మని గూండాలను పంపిండు. సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చిన్రు.

మన ఉపన్యాసాలు ఇక్కడ ఆగిపోతయి. చప్పట్లు కొడతం. ఇంటికి పోతం.

ఆమె గోస మాత్రం ఇక్కడ ఆగలే. ఇల్లు తగలబెట్టిన్రు. వడ్లు ఎత్తుకపోయిన్రు. ఇంట్లోని మగవాళ్ల మీద కేసులు పెట్టిన్రు. కన్నబిడ్డ మీద దౌర్జన్యం చేసిన్రు. ఆ రాత్రి కాలిన ఇంటి ముందు నిలబడ్డది వీరనారా? పిల్లలకు రేపు ఏం పెట్టాల్నని కుమిలిన తల్లా? ఇద్దరూ ఒక్కరే. తల్లి గనుకనే తెగించింది. ఆ మాట చెప్పకపోతే ఆమె పోరాటంల సగం చెప్పనట్టే.

1951ల సాయుధ పోరాటం ఆగింది. ఐలమ్మ కన్నుమూసింది 1985ల. నడుమ 34 ఏండ్లు. ఆ ఏండ్లల్ల ఆమె ఎట్ల బతికింది? ఏం తిన్నది? మనుమలు, మనుమరాండ్లకు ఏం చెప్పింది? మన సభల్ల ఈ ముచ్చట ఎన్నడన్నా విన్నమా? చరిత్ర అంటే తుపాకులు, తేదీలు అనుకున్నం. పొయ్యి కాడి ముచ్చట చరిత్ర గాదనుకున్నం.

గాదు అని 1986లనే స్త్రీశక్తి సంఘటన చెప్పింది. ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం పోరాటంల తిరిగిన ఆడవాళ్ల దగ్గర కూసోని వాళ్ల నోటి మాటనే రాసింది. పసిగుడ్డును వేరేవాళ్ల చేతుల్ల పెట్టి దళం వెంట నడిచిన తల్లి కడుపుకోత అందుల ఉన్నది. ఏ విగ్రహం చెప్తది ఆ మాట?

విగ్రహాలు వద్దంటలేను. రాష్ట్రం వచ్చినంక ఆమె జయంతిని ప్రభుత్వమే జరుపుతున్నది. 2024ల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిన్రు. సంతోషమే. ఆ పేరుకు తగ్గ పని కూడా కావాలె. ఊరూరి అవ్వల నోటి మాటను రాసిపెట్టే పని ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు ఎత్తుకోవద్దు?

విద్యార్థులారా, ఉద్యోగులారా! సర్కారు కోసం ఎదురుచూడకున్రి. ఈసారి పండుగకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ పక్కన గంటసేపు కూసోన్రి. ఆమె చేసిన కూలి, ఎత్తుకున్న కరువు, పోగొట్టుకున్న బిడ్డ, పాడిన పాట అడుగున్రి. ఆమె మాట్లాడినట్టే, ఆమె యాసలనే రాయిన్రి. సెల్‌ఫోన్ల రికార్డు చేయిన్రి. అవ్వ పోయినంక ఫొటోకు దండ ఎవరైనా వేస్తరు. ఉన్నప్పుడు ఆమె ముచ్చట వినేటోడే వారసుడు.