జాబితా పొడవుతో గెలుపు తేలదు

మార్వెల్, డీసీల రాబోయే సినిమాలను పోల్చిన గత సంచిక వ్యాసం, ఎవరి జాబితా పొడవైతే వారిదే పైచేయి అని తేల్చింది. ఈ లెక్క నిలవదు. 2014 అక్టోబరులో వార్నర్ బ్రదర్స్ 2020 వరకు పది డీసీ సినిమాలు ప్రకటించింది. వాటిలో ‘సైబోర్గ్’ అసలు తెరకెక్కలేదు. 2018లో వస్తుందన్న ‘ది ఫ్లాష్’ 2023లో గానీ విడుదల కాలేదు. 2014 అక్టోబరులోనే మార్వెల్ ప్రకటించిన ‘ఇన్‌హ్యూమన్స్’ చివరికి టీవీ ధారావాహికగా మిగిలింది. మార్వెల్ వారిదే ‘బ్లేడ్’ సంగతి మరీ బాధాకరం. 2019లో శాన్ డియేగో కామిక్‌కాన్ వేదిక మీద నటుడు మహర్షలా అలీ ఆ పేరున్న టోపీ పెట్టుకుంటే సభ దద్దరిల్లింది. ఆ తర్వాత దర్శకులు మారారు. 2025 నవంబరుకు ఖరారు చేసిన తేదీ కూడా రద్దయింది. ఏళ్ల తరబడి ఆశగా ఎదురుచూసే అభిమానులకు తేదీలనే సినిమాలుగా లెక్కగట్టి చూపడం అన్యాయం.

పైగా, జాబితాలో లేనివీ గెలుస్తాయి. 2014 నాటి ఆ పదింటిలో ‘జోకర్’ లేదు. డీసీ సినిమాల ఉమ్మడి కథాలోకంతో దానికి సంబంధమూ లేదు. 2019లో విడుదలై వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది, వాకిన్ ఫీనిక్స్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చింది.

– ఒక పాఠకుడు, విజయవాడ