రేసు బండికి అద్దాలుండవు

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠక సోదరుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో మూడున్నర పేజీలు ఈమధ్య వచ్చిన సినిమాల మీద తిట్లే. అవి అలా ఉంచండి. ఆఖరి అరపేజీలో ఒక ప్రశ్న ఉంది. "అయ్యా! మీ హీరోలు మోటారుసైకిలెక్కి మేడ మీంచి మేడ మీదికి దూకుతుంటారు గదా, వీళ్ళలో నిజంగా పందెంలో బండి నడిపిన మొనగాడు ఒక్కడైనా ఉన్నాడా? లేక అందరూ నడుముకి తాడు కట్టించుకుని గాల్లో తేలేవాళ్ళేనా?"

వెటకారం పాలు కాస్త ఎక్కువే గానీ ప్రశ్న మంచిది. ఉన్నాడండీ. అదీ మన జంటనగరాల్లో పుట్టినవాడు. తమిళ హీరో అజిత్ కుమార్.

1971 మే 1న సికింద్రాబాదులో పుట్టాడు. తండ్రి పాలక్కాడు తమిళుడు, తల్లి సింధీ మహిళ. పెరిగిందీ, పేరు తెచ్చుకుందీ మద్రాసులో. చదువు మీద కంటే ఇంజన్ల మీద మక్కువ. 1986లో, హయ్యర్ సెకండరీ పూర్తి కాకుండానే, బడి మానేశాడు. ఎన్‌ఫీల్డ్ బళ్ళ దగ్గర ఆరునెలలు మెకానిక్కు పని నేర్చుకున్నాడు. కొడుకు చేతులకి గ్రీజు అంటుకోవడం ఏ తండ్రికి నచ్చుతుంది? ఆయన పట్టుపట్టి దుస్తుల ఎగుమతి కంపెనీలో చేర్పించాడు. కుర్రాడు పగలు బట్టల లెక్కలు చూస్తూనే ఇంకోపక్క మోటారుసైకిల్ పందాల్లోకి దిగాడు. ఆ ఖర్చుకోసమే ప్రకటనల్లో కనిపించడం మొదలెట్టాడని చెబుతారు. అంటే సినిమా కోసం బండెక్కినవాడు కాదు, బండి కోసం సినిమా దాకా వచ్చినవాడు. మన పాఠక సోదరుడు ఈ తేడా గమనించాలి.

ఆయన మొదట హీరోగా ఒప్పుకున్నది తెలుగు సినిమాయే సుమండీ! గొల్లపూడి మారుతీరావుగారి అబ్బాయి శ్రీనివాస్ దర్శకుడిగా మొదలెట్టిన "ప్రేమ పుస్తకం". 1992 ఆగస్టు 12న, షూటింగు జరుగుతున్న రోజుల్లోనే, శ్రీనివాస్‌ని సముద్రం పొట్టన పెట్టుకుంది. కన్నతండ్రే కూర్చుని కొడుకు సినిమా పూర్తి చేశారు. 1993లో విడుదలైంది. గొల్లపూడివారు కొడుకు పేరిట కొత్త దర్శకులకి జాతీయ స్థాయి బహుమతి పెట్టి ఏటా ఆగస్టు 12నే ఇస్తూ వచ్చారు. ఆ కథ తల్చుకున్నప్పుడల్లా నాకు చెయ్యి ఆగిపోతుంది. అజిత్ హీరోగా చేసిన నేరు తెలుగు సినిమా అదొక్కటే.

అదే ఏడాది తమిళంలో "అమరావతి". ఈ కుర్రాణ్ణి చూడండని చెప్పినవారు మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు. సినిమా అయీ అవకముందే పందెం తాలూకు సాధనలో బండి మీంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బ తింది. మూడు పెద్ద ఆపరేషన్లు, ఏడాదిన్నర మంచం. డబ్బింగు చెప్పడానికి మనిషి లేడు. ఎవరు చెప్పారనుకున్నారు? విక్రం! తర్వాత "అపరిచితుడు"గా మనల్ని గడగడలాడించిన విక్రమే. ఆయన కూడా కాలేజీ రోజుల్లో మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయి ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో గడిపినవాడే. ఒక బండి దెబ్బ తిన్నవాడికి ఇంకో బండి దెబ్బ తిన్నవాడు గొంతు అరువిచ్చాడన్నమాట. కథలో రాస్తే నిర్మాతలు నమ్మరు.

1995లో "ఆశై", 1996లో "కాదల్ కోట్టై" వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు. ఈ రెండోది మనకి "ప్రేమలేఖ" పేరుతో వచ్చింది. కాలేజీ పిల్లలు ఎగబడి చూశారు. అందరూ అనుకున్నారు, ఇహ బళ్ళ పిచ్చి వదిలిందని. వదల్లేదు. వెన్ను బాగులేని మనిషి రెండు చక్రాలు కాదనుకుని నాలుగు చక్రాలకి మారాడు. 2003లో ఆసియా ఫార్ములా బీఎండబ్ల్యూ, 2010లో ఫార్ములా టూ. అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు. పక్కన పందెం కాసేవాళ్ళలో ఎక్కువమంది పాతికలోపు వాళ్ళు. గెలుపుల లెక్క అడిగితే పెద్దగా చెప్పడానికి లేదు. కానీ లక్షల జనం చప్పట్లు కొట్టే మనిషి, ఎవరూ పట్టించుకోని వెనకవరసలో నిలబడి మొదట్నించీ మొదలెట్టడం... మన హీరోల్లో ఎంతమందికి ఆ ఓపిక ఉంటుందో మీరే చెప్పండి.

2022లో వచ్చిన "వలిమై" చూశారా? అందులో చాలా భాగం ఇక్కడే, రామోజీ ఫిల్మ్ సిటీలో తీశారు. విలన్ మన కార్తికేయ. 2018లో "ఆర్ఎక్స్ 100"తో, అంటే ఒక మోటారుసైకిల్ పేరుతోనే, పైకొచ్చిన కుర్రాడు. నిజం చెప్పాలంటే సినిమా రెండో సగం నాకు రుచించలేదు. అమ్మ సెంటిమెంటు మరీ ఊరగాయలా దట్టించారు. కానీ చిత్రీకరణ ముచ్చట్లు చూపిస్తూ వాళ్ళొక చిన్న రీలు వదిలారు, అది మాత్రం పదిసార్లు చూశాను. ముందు చక్రం గాల్లోకి లేపి వస్తున్న అజిత్ దభీమని పడతాడు. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. లేచి, దులుపుకుని, మళ్ళీ చేస్తాడు. అది చూసి కుర్రకారు ఈలలేశారు. నేను చూసింది మాత్రం ఆయన ఒంటి మీద ఉన్న సరంజామా. తలకి నిండు హెల్మెట్టు, తోలు దుస్తులు, చేతులకి గ్లవ్స్. పడతానని ముందే తెలిసిన మనిషి అలాగే తయారవుతాడు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మా అన్నయ్య కొడుకు ఒకడున్నాడు. రాయదుర్గంలో కంప్యూటర్ ఉద్యోగం. మొదటి బోనస్‌తో వాళ్ళమ్మకి పట్టుచీర, తనకో స్పోర్ట్స్ బైకు కొనుక్కున్నాడు. చీర ఆరువేలు, బైకు నాలుగు లక్షలు. శనివారం రాత్రి పన్నెండు దాటాక నాలెడ్జ్ సిటీ వైపు స్నేహితులతో వెళ్ళొస్తున్నాడని మా వదిన నాతో చెప్పుకుని ఏడ్చింది. పిలిచి అడిగితే, "బాబాయ్, నేను రేసర్ని అవుదామనుకుంటున్నా" అన్నాడు. కళ్ళు తిప్పుకోకుండా అన్నాడు. అందుకే కోప్పడలేకపోయాను.

ఆ రోడ్లు మీకూ తెలిసినవే. 1998 నవంబరులో వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు చుట్టూ రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు. ఇప్పుడు పగలు ఆ రోడ్డు మీద నడిచి వెళ్ళినవాడు కారులో వెళ్ళినవాడికంటే ముందు చేరతాడు. రాత్రి మాత్రం అద్దాల మేడల మధ్య నున్నటి తారు, దీపాల వరస, ఖాళీ. పాతికేళ్ళ కుర్రాడికి అది రేసు ట్రాకులా కనబడ్డంలో వింతేముంది? వింత లేదు గానీ, అది ట్రాకు కాదు.

మీరెప్పుడైనా రేసు బండిని దగ్గర్నుంచి చూశారా? దానికి అద్దాలుండవు. హెడ్‌లైటు ఉండదు. రెండూ పీకేస్తారు. వెనకెవరొస్తున్నారో చూసుకోనక్కర్లేదు, ఎదురెవరూ రారు. అందరూ ఒకేవైపు పోతారు. మలుపు బయట పడినవాణ్ణి ఆపడానికి కంకర పరుస్తారు. ప్రతి మలుపు దగ్గరా జెండాలు పట్టుకుని మనుషులుంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందనీ, దాటి వెళ్ళకూడదనీ అర్థం. ఎర్ర జెండా ఊపితే పందెం ఆగిపోయినట్టే. అంబులెన్సు ఇంజను వేడిగా ఉంటుంది. ఇవన్నీ ఉన్నా పడతారు, ఎముకలు విరుగుతాయి. మన మైండ్‌స్పేస్ కూడలిలో పసుపు జెండా ఎవడు ఊపుతాడండీ? రాంగ్ రూటులో వచ్చే బిర్యానీ డెలివరీ కుర్రాడా?

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి. ఆ రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన దాటి ఐకియా వైపు వస్తూ సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డాడు. రోడ్డు మీద ఇసుక. ట్రాకు మీద ఇసుక కనబడితే ఊడుస్తారు. రోడ్డు మీద కనబడదు, కనబడేసరికి ఆలస్యమైపోతుంది. తలకి హెల్మెట్టు ఉండబట్టి మనిషి దక్కాడని పోలీసులే అన్నారు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే అక్టోబరు 1న "రిపబ్లిక్" విడుదలైంది. దసరా నాడు, అక్టోబరు 15న, ఇంటికొచ్చాడు. అదే ఆయన పుట్టినరోజు కూడా. మాట సరిగా రాక మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. 2023లో "విరూపాక్ష"తో నిలదొక్కుకున్నాడు. ఏ సభకెళ్ళినా అభిమానులకి చెప్పే మాట ఒక్కటే, హెల్మెట్టు పెట్టుకోండని. ఒకప్పుడు మైకు ముందు హీరో అలాంటి మాటంటే జనం గోల చేసేవారు. ఈయన చెబితే వింటున్నారు.

దక్కినవాడి సంగతి అది. 2010 జూన్‌లో కోట శ్రీనివాసరావుగారి అబ్బాయి ప్రసాద్ బైకు మీద వెళ్తూ ఔటర్ రింగు రోడ్డు మీద పోయాడు. 2011 సెప్టెంబరులో అదే ఔటర్ మీద, పుప్పాలగూడ దగ్గర, అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ బండి పడింది. వెనక కూర్చున్న దగ్గరి బంధువు, తర్వాత కొద్దిరోజులకే అయాజ్, ఇద్దరూ పోయారు. పంతొమ్మిదేళ్ళవాడు. అది 1000 సీసీ బండి. తెర మీద ఎన్నోసార్లు మనల్ని భయపెట్టి నవ్వించిన కోటగారు ఆ తర్వాత కొడుకు ప్రస్తావన వస్తే ఎలా అయిపోయేవారో చూసినవాళ్ళకి తెలుసు. 2025 జూలైలో ఆయనా వెళ్ళిపోయారు.

బయోడైవర్సిటీ ఫ్లైఓవరు సంగతి కూడా చెప్పాలి. 2019 నవంబరు 4న తెరిచారు. 23న ఒక కారు మలుపులో అదుపు తప్పి పైనుంచి కింద పడింది. కింద నిలబడి ఉన్న ఒకావిడ ప్రాణం పోయింది. ఆమె ఏ పందెంలోనూ లేదు. మూసేసి, వేగం తగ్గించే పట్టీలు వేసి, 2020 జనవరిలో మళ్ళీ తెరిచారు. రేసర్లకి మొదట నేర్పే పాఠం ఇదేనట: మలుపులో బ్రేకు వెయ్యకు, మలుపు రాకముందే వెయ్యి. ఎంత వేగంగా వెళ్ళాలన్నది తర్వాత సంగతి.

మావాడికి ఈ లెక్కలన్నీ చెప్పాను. వాడు చెప్పనిచ్చాడు. తర్వాత అన్నాడు: "మరి ఎక్కడ నేర్చుకోమంటావు బాబాయ్? హైదరాబాదులో ట్రాకుందా?"

మాట నిజమే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం పెట్టారు. ఫ్రాన్సు దేశపు వెర్న్ గెలిచాడు. ఊరంతా ట్రాఫిక్కులో ఇరుక్కుని తిట్టుకుంది. 2024 పందెం రద్దయింది. అదీ రోడ్డు మూసి వేసిన ట్రాకే గానీ సొంత ట్రాకు కాదు. మోటారుసైకిల్ జాతీయ పోటీలంటే మనవాడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో కోయంబత్తూరుకో పోవాల్సిందే. అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్ళున్నారు. లైసెన్సు తీసుకోవాలి. టీవీఎస్, హోండా వంటి కంపెనీలు ఒకేరకం బళ్ళిచ్చి కొత్తవాళ్ళకి పోటీలు పెడుతుంటాయి. అందరిదీ ఒకే బండి కాబట్టి తండ్రి జేబు కాక కుర్రాడి చెయ్యి తేలుతుంది. అందులో రాణిస్తే కంపెనీ జట్టులోకి తీసుకుంటుంది. అప్పుడు బండి, టైర్లు, మెకానిక్కు, జీతం. అందాకా సొంత డబ్బే. జట్టుదాకా చేరేవాళ్ళు బహు తక్కువ. చెన్నై కుర్రాడు శరత్ కుమార్ 2011లో ప్రపంచ చాంపియన్‌షిప్ 125 సీసీ పోటీల్లో దిగితే, అలా దిగిన మొదటి భారతీయుడని పత్రికలు రాశాయి. అతని పేరు ఈ కాలమ్ చదివేవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

2025 జనవరిలో దుబాయి 24 గంటల పందెం. అజిత్ సొంత జట్టు పెట్టుకుని వెళ్ళాడు. వయసు 53. పందేనికి నాలుగు రోజుల ముందు సాధనలో కారు గోడకి గుద్దుకుని గిర్రున తిరిగింది. మనిషి నడిచి బయటికొచ్చాడు. ఆ తర్వాత ఏం చేశాడు? జట్టు ప్రధాన కారు తను నడపకుండా తప్పుకుని, మిగతావాళ్ళకి వదిలాడు. ఆ కారు తన తరగతిలో మూడో స్థానంలో వచ్చింది. జెండా పట్టుకుని ఆయన చిన్నపిల్లాడిలా గెంతాడు. అదే నెలలో పద్మభూషణ్ ప్రకటించారు. ఏడాదిలో రెండు సినిమాలు విడుదలయ్యాయి. రెండోది "గుడ్ బ్యాడ్ అగ్లీ" తీసింది మన మైత్రీ మూవీ మేకర్సు వాళ్ళే.

ఆ తప్పుకున్న సంగతి చెప్పినప్పుడు మాత్రం మావాడు కాసేపు మాట్లాడలేదు. పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి చెన్నై శిక్షణకి వెళ్ళొచ్చాడు. మణికట్లు వాచిపోయాయి. "మొదటి రోజంతా బ్రేకు వెయ్యడమే నేర్పారు బాబాయ్. నాకు బ్రేకు వెయ్యడం రాదని ఇన్నాళ్ళూ తెలీదు" అన్నాడు. శనివారం రాత్రులు ఇంట్లోనే ఉంటున్నాడని వదిన ఫోను చేసి చెప్పింది. మళ్ళీ వెళ్ళాలట. తోలు దుస్తులకీ హెల్మెట్టుకీ ఎంతవుతుందో కాయితం మీద రాసి తెచ్చి, అమ్మకి ఎలా చెప్పాలని నన్నడిగాడు. వెళ్ళే సంగతి నువ్వు చెప్పరా, ఖరీదు నేను చెబుతానన్నాను.