బూజుగింజ యెవరి పాలు?

వేరుసెనగ రాయలసీమకు పైరు మాత్రమే గాదు, బ్రదుకుతెరువు. ఆ గింజకు పట్టు బూజునందు అఫ్లటాక్సిన్ అను విషము పుట్టుచున్నది. 1960లో ఇంగ్లండునందు సుమారు లక్ష టర్కీకోళ్లు చచ్చినప్పుడు, వానికి మేపిన వేరుసెనగ చెక్కను పరీక్షింపగా దీని జాడ మొదట తెలిసినది. ఇది పశుపక్ష్యాదులతో ఆగునది గాదు. 1974లో రాజస్థాన, గుజరాతు రాష్ట్రముల గిరిజన గ్రామములలో, అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలు తిని నూరుమందికి పైగా కాలేయవ్యాధిచే మరణించిరి. కొద్దికొద్దిగా ఏండ్లతరబడి లోనికి పోయినను ఈ విషము కాలేయమునకు కాన్సరు దెచ్చును. వండిన మాత్రమున నశింపదు.

ఇట్టి శత్రువుపై నేడు శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులనే సైన్యముగా నిలుపుచున్నారు. పాలను పులియబెట్టు జాతి బాక్టీరియాలలో కొన్ని ఈ విషమును తమ పైపొరకు అంటించుకొని, పేగులనుండి రక్తములోనికి పోనీయక, మలముతో వెడలగొట్టును. చచ్చిన బాక్టీరియా సైతము విషమును పట్టియుంచుట వింత. బాసిల్లస్ జాతివి కొన్ని దానిని విరిచి నిర్వీర్యము గావించును. చైనాలోని గ్వాంగ్‌జౌ ప్రాంతమున 90 మంది యువకులపై జరిగి 2006లో ప్రకటితమైన పరీక్షలో, మేలి బాక్టీరియాను అయిదు వారములు సేవించినవారి మూత్రమున విషపుజాడ తగ్గినది.

ఇది సంతోషింపదగిన వార్తయే. కాని దీనిని విని, ఇక బూజుగింజకు భయము లేదని వర్తకులును, మజ్జిగ త్రాగిన చాలునని గృహస్థులును తలంచుట పొరపాటు. అన్ని బాక్టీరియాలును ఈ పని చేయజాలవు. పట్టిన విషమును కొంత మరల విడుచుటయు గలదు. కాపలావాడున్నాడని తలుపు తెరచి నిద్రించువానిని ఎవరు మెచ్చుకొందురు?

అసలు అన్యాయము వేరొకటి గలదు. ఐరోపా సమాఖ్య, నేరుగా తినదగిన వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించిన అఫ్లటాక్సిన్‌ను సహింపదు. కావున ఎగుమతికి మేలిగింజ ఏరబడును. ఏరగా మిగిలిన గింజను ఎవరును నేలపాలు చేయరు. అది గానుగకు పోవును. చెక్కయై పశువుల కొట్టమునకు చేరును. అచ్చటినుండి రూపుమారిన విషము పాలలో దిగి పసిబిడ్డ నోటికి వచ్చును. పరదేశి ప్రాణమునకున్న వెల మన బిడ్డ ప్రాణమునకు లేదా?

రైతును నిందించుట న్యాయము గాదు. కోతకు ముందు వాన మొగము చాటువేసినచో, కాయ నేలలో నుండగనే బూజు ప్రవేశించును. అతనికి కావలసినది ఉపదేశము గాదు. ప్రతి మార్కెట్టు యార్డునందు కాయ ఆరబెట్టుటకు కళ్లమును, గింజలో తేమ నూటికి 8 పాళ్లకు దిగినదో లేదో చూచు సాధనమును, శుభ్రమైన సరకునకు అదనపు ధరయును. అప్పటికిని మిగులు విషమునకు, దాణాలో కలుపదగిన బాక్టీరియాను మన పశువులపై, మన ఎండలలో పరీక్షించి, చౌకగా అందింపవలెను. పటాన్‌చెరునందలి ఇక్రిశాట్, హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ ఈ విషముపై ఏండ్లతరబడి పరిశోధించినవి. విద్య మన ముంగిటనే గలదు. కొరవడినది ప్రభుత్వ సంకల్పము.

మొదట కళ్లము, పిమ్మట బాక్టీరియా. ఈ వరుస తప్పరాదు.