ఇల్లాలు ఇంట్లో గెస్టా?

పేరుకేమో 'షేర్డ్ ఫోల్డర్'. అంటే అందరిదీ అనే కదా! మరి తెరవబోతే 'మీకు అనుమతి లేదు' అంటుందేం? ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే రాసేదాన్ని కాదు. షాద్‌నగర్‌లో నాకు తెలిసిన నాలుగైదు ఇళ్లలోనూ ఇదే తంతు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నాస్ అంటే వైఫై రౌటర్‌కి కలిపి పెట్టుకునే హార్డ్‌డిస్కుల పెట్టె. ఇంట్లో ఎవరి ఫోనులోంచైనా, ల్యాప్‌టాప్‌లోంచైనా అందులోని ఫోల్డర్లు తెరవొచ్చు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఎన్నంటే అన్ని ఉచితంగా దాచుకునే వీలు పోయి, కొత్తవన్నీ 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. నెలనెలా డబ్బు కట్టేకంటే ఇదే నయమని కొందరు ఈ పెట్టె కొనుక్కున్నారు. మంచిదే. కానీ అది బిగించడానికి వచ్చిన అబ్బాయి గుమ్మంలోనే అడిగే మాట, "సార్ లేరా మేడం?" సార్ పేరు మీద అడ్మిన్ ఖాతా, కొడుకు పేరు మీద ఇంకోటి. అమ్మకి? "అమ్మ గెస్ట్‌లో చూసుకుంటది లే."

గెస్ట్! ఇరవై ఏళ్లుగా ఇల్లు నడిపే మనిషికి ఇంట్లో అతిథి హోదా అన్నమాట.

ఆ అతిథి మర్యాదైనా నిలిచిందా అంటే, అదీ లేదు. పేరు, పాస్‌వర్డ్ లేకుండా నెట్‌వర్క్ ఫోల్డర్లలోకి వెళ్లడం ప్రమాదమని మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసుకుంటూ వస్తోంది. విండోస్ 11కి 2024లో వచ్చిన 24హెచ్2 మార్పుతో ప్రో రకం ల్యాప్‌టాప్‌లలో గెస్ట్ దారి మామూలుగా మూసే ఉంటుంది. భద్రత కోసం చేసింది కాబట్టి నేను తప్పు పట్టను. సొంత ఖాతా ఉన్నవాళ్లకి దాంతో ఇబ్బంది లేదు. గుమ్మం బయట మిగిలేది గెస్టులే, అంటే మనమే.

ఇంతకీ ఆ పెట్టెలో ఉన్నదంతా ఎవరు సర్దింది? పట్టాదారు పాస్‌బుక్కు, పిల్లల టెన్త్ మెమోలు, బీమా బాండ్లు ఒక్కొక్కటీ ఫోనుతో స్కాన్ చేసి, పేరు పెట్టి ఇచ్చింది మనం. "అమ్మా, నా బర్త్ సర్టిఫికెట్ ఏడుంది?" అని అడిగేదీ మననే. మా అమ్మ చదివింది ఐదో తరగతి. అయినా బీరువా తాళాల గుత్తి ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉండేది. డిగ్రీ చదివిన మన దగ్గర ఈ బీరువా తాళం ఎందుకు లేదు?

"నీకు తెల్వక ఏదన్నా డిలీట్ చేస్తవ్" అంటారు. ఆ భయానికి మందు పెట్టెలోనే ఉంది. ఏ ఫోల్డర్‌ని ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు అసలు తెరవకూడదు అన్నది మనిషి మనిషికీ విడిగా పెట్టొచ్చు. రీసైకిల్ బిన్ ఆన్ చేస్తే పొరపాటున తీసేసినవీ దొరుకుతాయి. ఆఫీసు ఫోల్డర్ మనకు చూపించకపోయినా ఫరవాలేదు. ఇంటి కాగితాలు, పిల్లల ఫొటోలు మాత్రం మన చేతిలో ఉండాలి.

ఇది పంతం కోసం చెప్తున్న మాట కాదు. మాకు తెలిసినామె భర్త హఠాత్తుగా పోయాడు. బీమా కాగితాల నకళ్లు, ఆయన ఫొటోలు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. "ఆయన ఉన్నప్పుడు గివన్నీ ఆయననే చూసుకుంటుండె అక్కా, నాకేం తెల్వది" అని ఏడ్చింది. పదో రోజు ఫ్రేములో పెట్టడానికి ఒక మంచి ఫొటో కోసం చుట్టాలందరినీ అడుక్కుంది. కొన్ని పెట్టెలకి వెనక చిన్న రంధ్రం ఉంటుంది. పిన్నుతో కాసేపు నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డ్ మారిపోతుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. కానీ ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ దాని కీ లేకుండా తెరుచుకోదు. ఆ దుఃఖంలో ఇవన్నీ ఎవరు చెప్తారు, ఎవరు వింటారు?

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ పేరుతో సర్వర్ల ప్రాంతం తెరిచింది. దాని డేటా సెంటర్లలో ఒకటి మా పక్క షాబాద్ మండలం చందనవెల్లిలోనే ఉంది. ఊరి పక్కన లోకం ఫైళ్లు భద్రం, ఇంట్లో నా పిల్లల ఫొటోలు నాకు కనిపించవు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుంది.

ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా మన ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. భూమిలో వాటా ఉన్నదానికి ఫోల్డర్‌లో వాటా అడగడానికి మొహమాటం ఎందుకు?

ఈ ఆదివారం అడగండి. మీ పేరుతో ఒక ఖాతా, మీరే పెట్టుకున్న పాస్‌వర్డ్. ఫొటోలు, కాగితాల ఫోల్డర్లలో చూడటానికీ మార్చడానికీ అనుమతి. పెట్టె నంబరు, అడ్మిన్ పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ కీ ఉంటే అదీ ఒక కాగితం మీద రాయించి బంగారం దగ్గర దాచండి. ఎవరో చేసి చూపిస్తే చాలదు, మీ ఫోనులో మీరే తెరిచి చూడండి. తెరుచుకునేదాకా వంటింట్లోకి వెళ్లొద్దు.