మెరుపు సరే, మేలెంత?

కొత్త పరికరం పట్టుకున్న నాయకుడు కొత్త కాలానికే ప్రతినిధిలా కనిపిస్తాడు. ఈ ఆకర్షణ బలం ఎంతటిదో తెలుగువాళ్లకు తొంభైల చివర్లోనే అనుభవమైంది. ల్యాప్‌టాప్ ఇంకా అపురూపంగా ఉన్న రోజుల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని తన గుర్తింపుగా మలచుకున్నారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, మైక్రోసాఫ్ట్ వచ్చింది. తర్వాత ఈ-సేవ కేంద్రాల్లో కరెంటు, నీటి బిల్లులు ఒకేచోట కట్టే వీలు కలిగింది. ఇవి నిజమైన ఫలితాలు. కానీ కరువుతో, అప్పులతో కుంగిన పల్లెలకు ఆ వెలుగు చేరలేదు. 2004 ఎన్నికల్లో ఆయన ఓటమికి అదీ ఒక కారణం.

ఈ దారిలో ఇతరులూ నడిచారు. 2012 గుజరాత్ ఎన్నికల్లో నరేంద్ర మోదీ హోలోగ్రామ్ రూపంలో ఒకేసారి పలు సభల్లో ప్రసంగించారు. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ప్రభుత్వం విద్యార్థులకు పంచిన ల్యాప్‌టాప్ తెరిస్తే ఆయన తండ్రి ములాయం, అఖిలేశ్‌ల బొమ్మలు ఎదురయ్యేవి. పేదింటి పిల్లలకు కంప్యూటర్ అందడం మంచిదే. ప్రజల సొమ్ముతో కొన్నదానిమీద నాయకుడి ముఖం ఉండటమే తప్పు.

నాయకులు, వాళ్లు చూపే కొత్త పరికరాలు: ఈ సంచిక ముఖ్యాంశం ఇదే. ఏ పార్టీ అయినా సరే, మూడు ప్రశ్నలు అడగండి. నాయకుడు చూపే పరికరంతో ఎవరి పని సులువైంది? ఎవరు బయటే మిగిలారు? మన వివరాలు ఎవరి చేతికి వెళ్లాయి? వీటికి సూటిగా జవాబిచ్చే నాయకుణ్ణే ఆధునికుడందాం.