ఏ తురక యాస కావాలి మీకు?

"నీకు నేర్చుకునేదేముందయ్యా, రక్తంలోనే ఉంటుంది గదా!"

హైదరాబాదులో ఒక ఇంగ్లీషు నాటకం. అందులో ఇస్తాంబుల్ తివాచీల వ్యాపారి వేషం నాకిచ్చారు. టర్కీ యాసతో ఇంగ్లీషు మాట్లాడాలి. కొన్నాళ్లు టైమివ్వండి సార్, నేర్చుకుంటానన్నాను. దర్శకుడిచ్చిన జవాబది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వినందుకే ఇప్పుడిది రాయాల్సొచ్చింది.

నా రక్తంలో ఏముందో చెప్తాను. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. మా నాయనమ్మ అల్లాని తెలుగులోనే వేడుకునేది. ఉర్దూ రాదని సాటి ముస్లింలు మమ్మల్ని సగం సాయిబులన్నారు. ఊళ్లోవాళ్లకి మాత్రం మేం నిండా తురకలమే. టర్కుకీ ముస్లింకీ తెలుగులో ఒకే మాట కావడం చరిత్ర చేసిన పని. ఆ మాట పట్టుకుని నా నాలిక మీద ఇస్తాంబుల్‌ని వెతకడం దర్శకుడు చేసిన పని. తమాషా ఏంటంటే, గోల్కొండనేలిన కుతుబ్‌షాహీలు నిజంగానే తుర్కమాన్ వంశస్తులు. వాళ్లలో 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం తెలుగు కవుల్ని ఆదరించి మల్కిభరాముడయ్యాడు. తెలుగు తప్ప మరోటి రాని మా నాయనమ్మేమో తురకదయ్యింది!

సరే, నేర్చుకోడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో మాట్లాడిన టర్కీ నటుల ఇంటర్వ్యూలు పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, కాగితమ్మీద రాసుకుంటూ. మొదట తెలిసింది, టర్కీ ప్రామాణిక భాషలో 'ఖ' లేదు. మన ఖదీజా అక్కడ హతిజె. ఖబర్ అక్కడ హబెర్. మన పత్రికలు ఎర్డోగాన్ అని రాసే పేరులో ఆ 'గ' పలకనే పలకదు, ఎర్దోవాన్ అంటారు. మాట చివర బ, ద నిలవవు. కితాబ్ కితాప్ అవుతుంది, అహ్మద్ అహ్మెత్ అవుతాడు. ఆ అలవాటే ఇంగ్లీషులోకొస్తే 'బ్యాడ్' కాస్తా 'బ్యాట్' పక్కన చేరుతుంది. 'థింక్' 'తింక్' అవుతుంది. మాట మొదట రెండు హల్లులు కలిస్తే మధ్యలో సన్నగా ఒక అచ్చు దూరుతుంది, ట్రెయిన్‌ని 'తిరెన్' అన్నట్టు. మాట చివరి 'ర' గాలి పోతున్నట్టు బుస్సుమంటుంది. నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఆ 'ర'. వారం రోజులు పట్టింది. అతనికీ ఆమెకీ దానికీ అక్కడ ఒకటే మాట, 'ఓ'. అందుకే ఇంగ్లీషులో 'హీ' అనాల్సిన చోట 'షీ' వచ్చేస్తుంది. అది తెలివితక్కువతనం కాదు, తల్లిభాష వెంట రావడం.

వింటున్నకొద్దీ ఇంకోటి తెలిసింది. మనకి లాగే వాళ్లకీ క్రియ చివరికొస్తుంది. 'ఎవ్' అంటే ఇల్లు, 'ఎవ్‌లెర్' ఇళ్లు, 'ఎవ్‌లెర్‌దె' ఇళ్లల్లో. ఒకదాని వెనక ఒకటి తోకలు అతికించుకుంటూ పోవడమే. ఇంగ్లీషులో 'వ'లు రెండుంటే వాళ్లూ మనలాగే ఒక్కటిగానే పలుకుతారు. అంటే ఆ యాసకి నేనెంతో కొంత దగ్గరైతే, తెలుగువాడిగా దగ్గరయ్యాను. ముస్లింగా కాదు. అయ్యా దర్శకుడుగారూ, రక్తంలో ఉందన్నది ఇదేనా?

రిహార్సల్లో పలికి చూపించాను. ఆయన మొహం మాడిపోయింది. "తురకోడిలా లేదే! ఖ్ఖ్ అని గొంతులోంచి లాగు. మొరటుగా ఉండాలి. మధ్యమధ్య అల్లా అను." టర్కీలో అలా ఉండదన్నాను. జనానికి టర్కీ ఎవడికి తెలుసన్నాడు.

ఇది ఈయనొక్కడి జబ్బు కాదు. 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో టర్కీ బే వేషం వేసింది పోర్టోరికోలో పుట్టిన హోసే ఫెర్రర్. 1963లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో ఇస్తాంబుల్ కరీం బే మెక్సికో నటుడు పెద్రో అర్మెందారిజ్. 1978లో 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'ని మాల్టాలో తీశారు. ఖైదీల్ని చావగొట్టే టర్కీ జైలు అధికారిగా అమెరికా నటుడు పాల్ స్మిత్‌ని పెట్టారు. అందులో టర్కీ మనుషులు దాదాపు అందరూ దుర్మార్గులే. ఆ సినిమా రాసిన ఆలివర్ స్టోన్ 2004లో టర్కీ వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్లకి! అంత దూరమెందుకు, మన తెలుగు సినిమా సాయిబు చూడండి. నమ్మల్కి, నిమ్మల్కి అంటాడు. ఏ ఊరి ముస్లిం అలా మాట్లాడతాడు? గుంటూరు సాయిబు గుంటూరు తెలుగే మాట్లాడతాడు, కర్నూలు సాయిబు కర్నూలు తెలుగే. మీ పక్కింటివాడి గొంతే వినని చెవి ఇస్తాంబుల్ గొంతునేం వింటుంది?

ఒక దేశం నటుడు ఇంకో దేశం వేషం వెయ్యకూడదని నేననను. అలాగంటే ఆ తివాచీల వ్యాపారి వేషం నాకూ దక్కకూడదు. అర్మెందారిజ్ మంచి నటుడే. నేనడిగేది ఒకటే, నేర్చుకుని వెయ్యండి. ఫ్రెంచి యాస కావాలంటే క్యాసెట్లు తెప్పించి, టీచర్ని పెట్టి నెలల తరబడి సాధన చేయించేవాళ్లున్నారు. మా దగ్గరకొచ్చేసరికి రక్తం చాలా? అరబ్బు, టర్కు, పఠాను, దూదేకుల సాయిబు, అందరికీ కలిపి ఒకే గరగర గొంతా?

ఆ వేషం తర్వాత ఇంకొకతనికిచ్చారు. మంచి కుర్రాడే, నాకు స్నేహితుడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఖ్ఖ్ అనీ అనీ గొంతు పుండయ్యింది, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. తర్వాత ఫోన్లోనే, నాకొచ్చినంతలో, మాట చివరి 'ర' ఎలా పలకాలో చెప్పడం మొదలుపెట్టాను.